ముప్పై ఏళ్లు నిలిచే వైన్‌ని మొదటి గుక్కలోనే గుర్తుపట్టొచ్చా?

ఈ ఎపిసోడ్ రెడ్ వైన్ గురించి. అందులోనూ కొని వెంటనే తాగేది కాదు, పది ఇరవై ఏళ్లు దాచిపెట్టే రకం గురించి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు చెప్పేస్తా. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. అలాగే ఒంటికి హాని చెయ్యని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి తాగండి అని నేను చెప్పట్లేదు. నేను మాట్లాడేది రుచి చూడటం గురించి. ఈ రెండూ వేరు వేరు పనులు. వైన్ రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేస్తారు. మింగితే పదో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి నాలుక చెప్పేది ఏదీ నమ్మలేం కదా, అందుకని.

సరే, విషయంలోకి వద్దాం. "వైన్ ఎంత పాతదైతే అంత గొప్పది" అని మనందరం ఎక్కడో ఒక చోట వినే ఉంటాం. సినిమాల్లో కూడా అంతే, హీరో గొప్పోడని చూపించాలంటే ఎన్నో ఏళ్ల నాటి సీసా తీస్తాడు. కానీ నిజం ఏంటంటే, ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఒకటి రెండేళ్లలో, మహా అయితే నాలుగైదేళ్లలో తాగెయ్యడానికి చేసిందే. దాన్ని పదేళ్లు దాచారనుకోండి, గొప్పది అవ్వదు, చచ్చిపోతుంది. పండు వాసన పోతుంది, నీళ్లలాంటి పులుపు మిగులుతుంది.

మరి నిజంగా దాచుకోదగ్గవి కొన్నే అయితే, అవి కుర్రవయసులో ఉన్నప్పుడే ఎలా పట్టుకోవాలి? ఇది సరదా ప్రశ్న కాదు. వేలు, లక్షలు పోసి కొనే సీసాలు ఇవి. బిడ్డ పుట్టిన ఏడాది వైన్ కొని, వాళ్లకి పాతికేళ్లు వచ్చినప్పుడు తెరుద్దామని దాచేవాళ్లు ఉన్నారు. పాతికేళ్లు ఆగి తెరిచాక అందులో ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

దీనికి ఒక మంచి కథ ఉంది. 1976 మే 24, పారిస్. స్టీవెన్ స్పరియర్ అని ఒక ఇంగ్లీష్ ఆయన అక్కడ వైన్ షాపు, దాంతోపాటు ఒక వైన్ స్కూలు నడిపేవాడు. ఆయన ఆ రోజు ఒక పోటీ పెట్టాడు. మార్కులు లెక్కపెట్టింది తొమ్మిది మంది ఫ్రెంచ్ జడ్జీలవి, అందరూ పేరున్నవాళ్లే. రెడ్ వైన్లు పది. నాలుగు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానివి, ఆరు కాలిఫోర్నియావి. బోర్డో వైపు నుంచి వచ్చినవి చిన్నా చితకా కాదు, మూటాన్ రోత్‌షీల్డ్, ఓ బ్రియాన్, మోంట్రోజ్, లియోవిల్ లాస్ కాజ్. కాలిఫోర్నియా వైన్ల పేర్లు అప్పట్లో ఫ్రాన్స్‌లో ఎవరికీ తెలియవు. లేబుల్ కనపడకుండా పోశారు. ఇరవైకి మార్కులు.

ఫలితం? మొదటి స్థానం స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్, 1973 నాటి క్యాబర్నే. నాపా లోయది. ఆ ద్రాక్ష తీగల వయసు అప్పటికి మూడేళ్లు. మూటాన్ రెండోది అయింది. మార్కుల్లో తేడా చాలా తక్కువే, అయినా ఫ్రాన్స్ పరువు సమస్య అయిపోయింది. ఒక జడ్జి అయితే తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క విలేకరి టైమ్ మ్యాగజైన్ నుంచి వచ్చిన జార్జ్ టేబర్. ఆయన రాయబట్టి ప్రపంచానికి తెలిసింది.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిన కథే. ఇవాళ్టి మన విషయం దీని తర్వాత మొదలవుతుంది. ఫ్రెంచ్ వైపు నుంచి ఒక వాదన వచ్చింది. "మా బోర్డో వైన్లు ఇంకా పసివి. ఇవి ఎదగడానికి టైమ్ పడుతుంది. కాలిఫోర్నియావి ఇప్పుడు బాగున్నాయి, అంతే. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి సత్తా ఏంటో." వినడానికి న్యాయంగానే ఉంది. నిజంగా దాచుకునే వైన్ అయితే కుర్రవయసులో దాని అసలు రూపం బయటపడదు కదా.

సరే అని మళ్లీ మళ్లీ చూశారు. 1986లో న్యూయార్క్‌లో అవే రెడ్ వైన్లతో మళ్లీ పోటీ పెడితే, 1976లో ఎనిమిదో స్థానంలో ఉన్న క్లో డ్యూ వాల్ 1972 మొదటి స్థానానికి వచ్చేసింది. అదీ కాలిఫోర్నియాదే. ఆ తర్వాత 2006 మే 24న, సరిగ్గా ముప్పై ఏళ్లకి, లండన్‌లో ఒక జట్టు, నాపాలో ఒక జట్టు ఒకేసారి కూర్చున్నాయి. మార్కులన్నీ కలిపితే మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే. మూటాన్ ఆరోది. మొదటిది రిడ్జ్ మోంటే బెల్లో 1971. పారిస్‌లో అది ఐదో స్థానంలో ఉన్న వైన్.

ఈ మోంటే బెల్లో ఎక్కడ ఉంటుందో తెలుసా? కూపర్టినో. అవును, ఆపిల్ ఆఫీసు ఉన్న కూపర్టినోనే. మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉండే ఊరు. ఊరికి పైన, శాంటా క్రూజ్ కొండల మీద ఆ ద్రాక్షతోట ఉంటుంది. కింద లోయ కన్నా చల్లగా ఉంటుంది. మీ అన్నయ్యో బావగారో అక్కడ ఉంటే, ఆఫీసు కిటికీలోంచి రోజూ చూసే కొండ అదే కావచ్చు.

ఒక్క పోటీతో బోర్డో పని అయిపోయిందని నేను అనట్లేదు. ముప్పై ఏళ్లు దాటిన సీసాల్లో ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు, జడ్జీల నాలుకలు వేరు. కానీ ఒకటి మాత్రం తేలిపోయింది. "ఇప్పుడే బాగుంది కాబట్టి నిలవదు" అన్నమాట తప్పు. అంటే కుర్ర వైన్‌ని చూసి భవిష్యత్తు చెప్పడానికి మనం వేరే ఏదో వెతకాలి. అదేంటో చూద్దాం.

ముందు ఈ బోర్డో స్టైల్ అంటే ఏంటో చెప్పుకోవాలి. ఒకే ద్రాక్షతో కాకుండా రెండు మూడు నాలుగు రకాలు కలిపి చేసే రెడ్ వైన్. ముఖ్యమైనవి క్యాబర్నే సోవిన్యాన్, మెర్లో. వాటికి తోడు క్యాబర్నే ఫ్రాంక్, పెటీ వెర్డో, మాల్బెక్. క్యాబర్నే పండు చిన్నది, తొక్క మందం. రసం తక్కువ, తొక్కా గింజా ఎక్కువ. అందుకే దాని వైన్ గట్టిగా, పట్టుగా ఉంటుంది. మెర్లో దానికి కండలా మెత్తదనం ఇస్తుంది. క్యాబర్నే ఫ్రాంక్ సువాసన, పెటీ వెర్డో రంగు, ఘాటు. రెడ్ వైన్‌ని తొక్కలతో కలిపే పులియబెడతారు, రంగు తొక్కలోంచే వస్తుంది, పట్టు తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది. తర్వాత ఓక్ పీపాల్లో ఏడాది, ఏడాదిన్నర, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. బోర్డో పీపా అంటే 225 లీటర్లు.

ఇప్పుడు ఆ "పట్టు" దగ్గరికి వద్దాం. ఇంగ్లీష్‌లో దీన్ని టానిన్ అంటారు. వైన్ నేర్చుకునే విదేశీయులకి దీన్ని వివరించడానికి టీచర్లు నానా తిప్పలు పడతారు. చల్లారిపోయిన డికాక్షన్ తాగి చూడండి అంటారు. మనకి ఆ తిప్పలు లేవు. మన భాషలో దానికి ఎప్పటినుంచో పేరు ఉంది. వగరు.

తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఆరు రుచుల్లో ఒకటి. ఉగాది పచ్చట్లో మామిడి పిందె వేసేది దానికోసమే. పచ్చి అరటికాయ కొరికినా, పిందె జామకాయ తిన్నా, నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక గరుకుగా అయినా, వక్క నమిలినా వచ్చేది అదే. నోరు ఎండిపోయి, చిగుళ్లని ఎవరో పట్టుకుని లాగినట్టు ఉంటుంది. అసలు ఏం జరుగుతుందంటే, టానిన్ వెళ్లి మన లాలాజలంలో ఉండే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. నోటిని నున్నగా ఉంచేది ఆ ప్రోటీనే. అది ముద్ద కట్టేసరికి గరుకు తెలుస్తుంది. మాంసంతో పాటు ఈ వైన్ తాగితే వగరు తగ్గినట్టు అనిపించేది కూడా అందుకే, టానిన్‌కి అతుక్కోవడానికి ఇంకో ప్రోటీన్ దొరికింది.

వైన్‌ని కాపాడేది ఈ వగరే. గాలి చేసే పాడు పనిని టానిన్ తన మీద వేసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్ అణువులు ఒకదానికొకటి, రంగు అణువులతో కూడా అతుక్కుంటూ రూపం మార్చుకుంటాయి. కొన్ని బరువెక్కి అడుగుకి దిగిపోతాయి. పాత సీసా అడుగున కనిపించే మడ్డి అదే. అలా వగరు మెత్తబడుతుంది.

ఇక్కడే చాలామంది ఒక లెక్క వేసేస్తారు. "వగరు కాపాడుతుంది కదా, అయితే ఎంత వగరు ఉంటే అంత కాలం నిలుస్తుంది." పెద్ద పెద్దవాళ్లు కూడా ఈ లెక్కే వేశారు. బోర్డోలో 1975 పంట చూడండి. ఆ ఏడాది వైన్లు గట్టివి, నోరు కట్టేసేంత వగరు. ఇవి దశాబ్దాలు నిలుస్తాయి అని అందరూ మెచ్చుకుని దాచారు. కొన్ని నిలిచాయి. చాలా వాటిలో మాత్రం వగరు మెత్తబడేలోపే పండు రుచి ఆరిపోయింది. ఇరవై ఏళ్లు ఆగి తెరిస్తే మిగిలింది ఎండిపోయిన వగరు.

దానికి పూర్తి ఎదురు కథ 1982. ఆ ఏడాది పండు బాగా పండింది. వైన్లు కుర్రవయసులోనే నిండుగా, మెత్తగా, తాగడానికి హాయిగా ఉన్నాయి. కొంతమంది విమర్శకులు పెదవి విరిచారు. పులుపు తక్కువ, మరీ మెత్తన, ఇవేం నిలుస్తాయి అన్నారు. అప్పటికి పెద్దగా పేరు లేని రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ మాత్రం ఇవి గొప్పవి అని గట్టిగా రాశాడు. ఆయన పేరు మోగిపోయింది ఈ ఒక్క పంటతోనే. ఆ ఏడాది మంచి వైన్లు ముప్పై, నలభై ఏళ్లు దాటినా బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎందుకంటే వాటిలో వగరు తక్కువేం కాదు. బాగా ఉంది. కానీ దాని చుట్టూ పండు అంతకన్నా ఎక్కువ ఉండటంతో గుచ్చుకోలేదు.

అర్థమైంది కదా? వగరు ఎంత ఉంది అన్నది సగం ప్రశ్నే. ఆ వగరు మెత్తబడేదాకా పండు తట్టుకుని నిలబడుతుందా అన్నది అసలు ప్రశ్న. ఆవకాయ పెట్టేటప్పుడు మన అమ్మమ్మలు కాయ గట్టిదా కాదా అని చూసి చూసి ఎందుకు ఏరతారు? మెత్తటి కాయతో పెడితే ఎన్ని నెలలు ఊరినా ముక్క గట్టిపడదు. ఊరడం వల్ల ఉప్పూ కారం సర్దుకుంటాయి, అంతేగానీ లేని ముక్క రాదు. వైన్ కూడా అంతే. కాలం వగరుని సర్దుతుంది, కొత్త సువాసనలు తెస్తుంది. మొదట్లో లేని పండుని మాత్రం తెచ్చిపెట్టదు.

ఇప్పుడు గ్లాసు పట్టుకుందాం. ఒక్కో మెట్టూ చెప్తా. ఎదురుగా మూడు నాలుగేళ్ల వయసున్న బోర్డో స్టైల్ రెడ్ ఉందనుకోండి.

మొట్టమొదట, లేబుల్ దాచెయ్యండి. సీసాకి న్యూస్‌పేపర్ చుట్టినా చాలు. ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ప్రయోగం ఉంది. బోర్డో యూనివర్సిటీలో వైన్ చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకి వైట్ వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ పిల్లలు దానికి రాసిన మాటల్లో చాలావరకు రెడ్ వైన్‌కి వాడేవే. కన్ను చెప్తే ముక్కు తలూపింది. రంగుకే ఇలా ఉంటే, లేబుల్ మీద పెద్ద పేరు, పక్కన పెద్ద ధర కనిపిస్తే మన నాలుక ఎటు వాలుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది, రంగు. గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. కుర్ర క్యాబర్నే అంచు ఊదా రంగులో ఉంటుంది, నేరేడు పండు తిన్న నాలుకలా. వయసు పెరిగేకొద్దీ అది ఎరుపు, తర్వాత ఇటుక రంగు, చివరికి గోధుమ రంగులోకి వెళ్తుంది. ఇరవై ఏళ్ల వైన్‌కి ఇటుక రంగు అందమే. మూడేళ్ల వైన్‌లో అదే రంగు కనిపిస్తే అనుమానించాలి. ఎక్కడో ఎండకి మగ్గి ఉంటుంది, లేదా గాలి దూరి ఉంటుంది.

మూడోది, వాసన. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి. ముందు దోషాలు వెతకండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ వల్ల వచ్చిన జబ్బు, దానికి మందు లేదు, ఆ సీసాని అంచనా వెయ్యడం అనవసరం. వెనిగర్ వాసన గుప్పుమంటే అదీ దోషమే. ఉడికించిన ఎండు పళ్ల వాసన వస్తే వేడికి దెబ్బతిన్నట్టు.

దోషాలు లేకపోతే మంచి వెతకండి. కుర్ర వైన్‌లో నల్ల పళ్ల వాసన ఉండాలి. పుస్తకాల్లో బ్లాక్ కరెంట్ అని రాస్తారు, మనకి దొరకని పండు అది. మీ నాలుకకి తెలిసిన నల్ల పండు పేరే పెట్టుకోండి, ఏం ఫర్వాలేదు. పచ్చి క్యాప్సికమ్ వాసన కొంచెం ఉంటే అది క్యాబర్నే గుణం. అదే పైకి తేలుతుంటే పండు పూర్తిగా పండకముందే కోశారని అర్థం. ఇక వెనీలా, లవంగం, పొగ లాంటివి వస్తే అవి ఓక్ పీపావి. ఇక్కడ జాగ్రత్త. పీపా వాసన కొత్తలో భలే ఆకట్టుకుంటుంది, ఖరీదైన వైన్ అనిపిస్తుంది. కానీ పీపా తప్ప పండు వినపడకపోతే అది మేకప్. పదేళ్ల తర్వాత కింద ముఖం ఉండాలి కదా.

నిజంగా వయసు వచ్చిన వైన్ వాసన వేరే. పొగాకు, తోలు, దేవదారు చెక్క, వాన పడ్డాక తడిసిన ఆకులు. ప్రకాశం జిల్లా వైపువాళ్లకి పొగాకు బ్యారన్ పక్కనుంచి వెళ్తుంటే వచ్చే ఆ తియ్యటి వాసన తెలుసు. దానికి దగ్గరగా ఉంటుంది. ఆ వాసనలు కాలం ఇచ్చేవి. కుర్ర వైన్‌లో వాటిని ఆశించొద్దు, లేవని మార్కులు తగ్గించొద్దు.

నాలుగోది, నోరు. ఒక చిన్న గుక్క. నోరంతా తిప్పండి, పెదాల సందులోంచి కొంచెం గాలి పీల్చండి, సౌండ్ వచ్చినా సిగ్గుపడక్కర్లేదు. ఉమ్మేయండి. ఇప్పుడు ఒక్కొక్కటీ గమనించండి.

పులుపు ఎలా తెలుస్తుంది? ఉమ్మేశాక తల కొంచెం వంచండి. నోట్లో నీళ్లు ఊరుతున్నాయా? ఎంత ఊరితే అంత పులుపు. వైన్‌ని తాజాగా ఉంచేది ఇదే. పులుపు లేని వైన్ కొన్నాళ్లకి చప్పబడిపోతుంది.

వగరు? ముందు ఎంత ఉంది అని చూడండి, తర్వాత ఎలాంటిది అని. మంచి వగరు మెత్తటి బట్టలా నోరంతా సమానంగా పరుచుకుంటుంది. పచ్చి వగరు ఒక చోట గుచ్చుతుంది, నాలుక చివర చేదుగా ఆగుతుంది. వగరుకీ చేదుకీ తేడా పట్టుకోవడం ఇక్కడ అసలు పని. వగరు తగిలేది, చేదు రుచి. ద్రాక్ష గింజ కొరికితే రెండూ కలిసి వస్తాయి, ఒకసారి కొరికి చూడండి, జన్మలో మర్చిపోరు. వగరు కాలంతో మెత్తబడుతుంది. పండని గింజల చేదు చాలావరకు అలాగే ఉండిపోతుంది.

తర్వాత నడుమ. గుక్క తీసుకున్నప్పుడు మొదట పండు తగులుతుంది, చివర వగరు తగులుతుంది, ఈ రెంటి మధ్యలో ఏముంది? ఖాళీగా, నీళ్లలా అనిపిస్తే ఆ వైన్ ఎక్కువ దూరం నడవదు. 1975 వైన్లలో చాలావాటి కథ ఇదే.

ఆల్కహాల్ కూడా చూడాలి. గొంతులో మంట పెట్టిందంటే మిగతావాటి కన్నా అది పైకి వచ్చిందని. వగరు మెత్తబడినట్టు ఆ మంట మెత్తబడదు.

చివరికి, ఉమ్మేశాక రుచి ఎంతసేపు ఉంటుందో మనసులో లెక్కపెట్టండి. ఐదు లెక్కపెట్టేలోపు పోతే మామూలు వైన్. ఇరవై, ముప్పై దాకా ఉంటే మంచిది. కానీ ఉన్నది ఏంటి అని కూడా చూడాలి. వగరు ఒక్కటే మిగిలిందా, లేక వగరు వచ్చాక దాని వెనకాల నుంచి పండు మళ్లీ తిరిగి వచ్చిందా? నన్ను ఒకే ఒక్క గుర్తు చెప్పమంటే ఇదే చెప్తా. వగరు తర్వాత పండు తిరిగి వచ్చే వైన్‌కి బతుకు ఉంది.

ఐదోది, ఆగడం. సీసా మూత పెట్టి గంట తర్వాత మళ్లీ చూడండి. సాయంత్రం ఇంకోసారి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు బయటికి తీసి, చల్లదనం తగ్గాక ఇంకోసారి. నిలిచే వైన్ చాలాసార్లు మర్నాడు ఇంకా విచ్చుకుని ఉంటుంది. నిలవనిది నీరసపడిపోతుంది. ఒక రాత్రి గాలి పదేళ్ల కాలంతో సమానం కాదు, ఆ రెండు మార్పులూ వేరు. అయినా ఎముక గట్టిదా కాదా అన్నది కొంత తెలుస్తుంది.

ఇప్పుడు తీర్పు. రెండు కాలమ్స్ గీయండి. ఒకదాంట్లో "ఇప్పుడు ఎంత బాగుంది", రెండోదాంట్లో "ఎంత మిగులు ఉంది". రెండూ కలపొద్దు. ఇప్పుడు నోరు కట్టేస్తున్నా మిగులు చాలా ఉన్న వైన్ ఉంటుంది. ఇప్పుడు ముద్దుగా ఉండి మిగులు ఏమీ లేనిది ఉంటుంది, అది ఈ వారమే తెరిచెయ్యాలి, అందులో తప్పేం లేదు. 1982 లాంటివి రెండింట్లోనూ మార్కులు కొడతాయి. కష్టంగా ఉంది కాబట్టి గొప్పది, సుఖంగా ఉంది కాబట్టి చవకది అనే లెక్క మాత్రం వద్దు.

ఇక దాచడం. ఇది మన ఊళ్లలో అతి పెద్ద సమస్య. ఈ వైన్లకి 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం కావాలి, అదీ ఏడాది పొడుగునా ఒకేలా. చీకటి ఉండాలి, కార్క్ ఎండకుండా సీసా పడుకోబెట్టి ఉంచాలి. మన విజయవాడలో, హైదరాబాద్‌లో ఎండాకాలం 40 దాటుతుంది. అమెరికా నుంచి వచ్చిన బావగారు "ఇది మంచిది, పదేళ్లు దాచుకో" అని ఇచ్చిన సీసాని బీరువా పైన నిలబెట్టారనుకోండి, రెండు వేసవులు చాలు. వగరు మెత్తబడదు, పండు ఉడికిపోతుంది. వైన్ కోసమే చేసిన ఫ్రిజ్ లేకపోతే, ఎంత గొప్ప సీసా అయినా ఒక ఏడాదిలోపు తెరవడమే దానికి మర్యాద. షాపులో కొనేటప్పుడు కూడా చూడండి. కార్క్ పైకి పొడుచుకొచ్చినా, మూత కింద జిగటగా కారిన మరక ఉన్నా, ఆ సీసా ఎక్కడో ఎండలో లారీలో కూర్చుని వచ్చింది.

దాచే వసతి ఉన్నవాళ్లకి ఒక సలహా. ఒకటి కాదు, కుదిరితే మూడు కొనండి. ఒకటి ఇప్పుడే రుచి చూసి ఇవాళ్టి తారీఖుతో నోట్స్ రాసుకోండి. రెండోది ఐదారేళ్లకి తెరిచి ఆ నోట్స్‌తో పోల్చండి. పండు ఇంకా నిలబడి ఉందా, వగరు తగ్గిందా చూస్తే మూడోదాన్ని ఎప్పుడు తియ్యాలో అదే చెప్తుంది. ఫోన్‌లో ఒక నోట్ చాలు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఒక్కరే తాగే పనీ ఉండదు.

ఇంకొక్కటి, పాత సీసా తెరిచేటప్పుడు. ముందు రోజే నిలబెట్టండి, మడ్డి అడుగుకి దిగుతుంది. మెల్లగా, ఆపకుండా వంపండి, మెడ దగ్గరికి మడ్డి రాగానే ఆపెయ్యండి. కుర్ర వైన్‌ని గంటల తరబడి గాలికి పెట్టొచ్చు, బాగా పాతదాన్ని మాత్రం పోసిన వెంటనే రుచి చూడాలి. ముసలి వైన్‌కి గాలి ఎక్కువసేపు పడదు.

మొదటి ప్రశ్న ఉండిపోయింది కదా. ముప్పై ఏళ్లు నిలిచే వైన్‌ని మొదటి గుక్కలో గుర్తుపట్టొచ్చా? మొదటి గుక్కలో కష్టం. పారిస్‌లో తొమ్మిది మంది అనుభవజ్ఞులు కూర్చుని, చివరికి మొదటి స్థానానికి వెళ్లాల్సిన మోంటే బెల్లోని ఐదో స్థానంలో పెట్టారు. వాళ్లకి రుచి తెలియక కాదు. ఆ రోజు వాళ్లు వేసింది ఆ రోజు మార్కులు. కానీ నాలుగో గుక్కకి, మర్నాటి గుక్కకి, వగరు వెనక పండు వచ్చిందా లేదా అని ఓపిగ్గా చూస్తే, చీకట్లో వేసే అంచనా కాస్తా వెలుతురులో వేసే అంచనా అవుతుంది. అంతకు మించి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, ఇస్తామన్నవాళ్లు సీసా అమ్మేవాళ్లు అయ్యుంటారు.

ఇది నేర్చుకోవడానికి వైన్ కూడా అక్కర్లేదు. ఈసారి నేరేడు పళ్లు తిన్నప్పుడు, పిందె జామకాయ కొరికినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. పులుపు ఎక్కడ ఊరింది, వగరు ఎక్కడ పట్టింది, చేదు ఎక్కడ ఆగింది, తీపి తిరిగి వచ్చిందా లేదా. నాలుకకి ఆ అలవాటు వస్తే ఏ గ్లాసు ముందు కూర్చున్నా భయం ఉండదు.

ఇవాళ్టికి ఇంతే. తాగేవాళ్లు ఎవరూ బండి ముట్టుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.